సయనోటైప్: ఎండ, ఇనుప లవణాలు, నిమ్మ ఉప్పుతో నీలి ఫొటో అచ్చు వేయడం

సయనోటైప్ అచ్చు పాలిపోయి వస్తే చాలామంది ముందుగా ఎండనే అనుమానిస్తారు. ఇంకో ఐదు నిమిషాలు, ఇంకో పది నిమిషాలు అంటూ పెంచుకుంటూ పోతారు. ఆంధ్ర, తెలంగాణల్లో ఎండకు కరువు లేదు. నీలాన్ని తినేసేవి ఎక్కువగా రెండే: సుద్ద కలిపి చేసిన కాగితం, క్షారం ఉన్న బోరు నీళ్లు. ఈ రెంటినీ అదుపులో పెట్టుకుంటే మిగతా పని దోసెలు పోయడంలాంటిది. మొదటి ఒకటి రెండు పాడవుతాయి, తరవాత చెయ్యి కుదురుతుంది.

ఇంగ్లండులో శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన పద్ధతి ఇది. మరుసటి ఏడే వృక్షశాస్త్రజ్ఞురాలు ఆనా అట్కిన్స్ సముద్రపు నాచు మొక్కలను నేరుగా కాగితం మీద పరిచి నీలి అచ్చులు తీయడం మొదలుపెట్టింది. ఇంజినీర్ల నోట నానిన ‘బ్లూప్రింట్’ అన్న మాట కూడా దీన్నుంచి వచ్చిందే. ఇందులో వెండి లేదు, పనంతా ఇనుముదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలినచోట ఫెర్రిక్ ఇనుము ఫెర్రస్‌గా మారుతుంది. ఆ ఫెర్రస్ పక్కనే ఉన్న ఫెర్రిసయనైడ్‌తో కలిసి ప్రష్యన్ బ్లూ అవుతుంది. అది నీళ్లలో కరగదు. కాంతి తగలని మందు కరిగి కొట్టుకుపోతుంది. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది ఒకటే: ప్రష్యన్ బ్లూ పులుపుకు తట్టుకుంటుంది, క్షారానికి చచ్చిపోతుంది. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం ఈ ఒక్క కారణం నుంచే వస్తాయి.

మందులు కలపడం

కావలసిన రసాయనాలు రెండు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్. రెండూ కాలేజీలకు సరుకు వేసే ల్యాబ్ కెమికల్స్ దుకాణాల్లో దొరుకుతాయి. సిట్రేట్‌లో ఆకుపచ్చది, గోధుమరంగుది అని రెండు రకాలున్నాయి. ఆకుపచ్చదే అడిగి తీసుకోండి. గోధుమరంగుదానికి కాంతి పట్టు తక్కువ.

నీళ్లకు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ చాలు. ఇన్వర్టర్ దుకాణంలో కొనేటప్పుడు డబ్బా మీద ఏముందో చదివి కొనండి, పక్కనే బ్యాటరీ యాసిడ్ డబ్బాలు కూడా ఉంటాయి. తూకానికి 0.1 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా, కొలతకు సూది తీసేసిన సిరంజిలు రెండు ఉంచుకోండి.

మొదటి సీసా: 25 గ్రాముల ఆకుపచ్చ సిట్రేట్‌ను 70 మి.లీ. నీళ్లలో కరిగించి, పైన నీళ్లు పోసి మొత్తం 100 మి.లీ. చేయండి. రెండో సీసా: 10 గ్రాముల ఫెర్రిసయనైడ్‌ను అదేవిధంగా 100 మి.లీ.కి తీసుకురండి. రెండూ గోధుమరంగు సీసాల్లో, విడివిడిగా, చీకటి అలమరాలో ఉంచాలి. సిట్రేట్ సీసాకు ఒక సిరంజి, ఫెర్రిసయనైడ్ సీసాకు ఒక సిరంజి. వాటిని ఎప్పుడూ మార్చకండి. ఒక చుక్క అటుది ఇటు పడినా ఆ సీసా మెల్లగా పాడవుతుంది.

సిట్రేట్ సీసాలో వారాలు గడిచేకొద్దీ, ముఖ్యంగా వానాకాలంలో, బూజు తేలుతుంది. దానికి భయపడక్కర్లేదు. కాఫీ ఫిల్టరు కాగితంలోనో పలచటి దూదిలోనో వడకట్టి వాడుకోవచ్చు. ఒకేసారి అర లీటరు చేసి పెట్టుకోవడంకంటే 100 మి.లీ. చొప్పున చేసుకోవడం మేలు. ఈ రెండు వందల మి.లీ.తో 8×10 అంగుళాల అచ్చులు అరవై దాకా వస్తాయి.

పేరులో సయనైడ్ ఉంది కదా అని ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. మామూలుగా వాడితే ఫెర్రిసయనైడ్ అంత ప్రమాదకరం కాదు, అందులో సయనైడ్ ఇనుముకు గట్టిగా పట్టుకుని ఉంటుంది. దాన్ని వదిలించేవి గాఢమైన ఆమ్లం, ఎక్కువ వేడి. అప్పుడు హైడ్రోజన్ సయనైడ్ అనే విషవాయువు వస్తుంది. కాబట్టి మందు పారబోసిన బాత్రూంలో వెంటనే టాయిలెట్ యాసిడ్ పోసి కడగకండి, ముందు బాగా నీళ్లు పోయండి. ఎండిన మందును, మందు తుడిచిన కాగితాలను పొయ్యిలో వేయకండి. నిమ్మ ఉప్పు, వెనిగర్ లాంటి బలహీనమైన పులుపులు చల్లటి నీళ్లలో పలచగా కలిపి వాడితే ఇబ్బంది లేదు. చేతికి గ్లౌజులు వేసుకోండి, వంటింటి గిన్నెలు, చెంచాలు ఈ పనికి తేకండి. ఒకసారి తెచ్చినవి మళ్లీ వంటింటికి వెళ్లకూడదు.

కాగితం

నీళ్లలో అరగంట నానినా చిరగని కాగితం కావాలి. 300 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే, నూరు శాతం కాటన్ వాటర్‌కలర్ కాగితం మంచి ఆరంభం. నునుపైనది, అంటే హాట్ ప్రెస్ రకం, ఎంచుకుంటే ఫొటోలో సన్నటి వివరాలు నిలుస్తాయి. గరుకు కాగితం మొక్కల అచ్చులకు బాగుంటుంది, మనుషుల ముఖాలకు బాగోదు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, మంచి ఆర్ట్ కాగితాల్లో చాలావాటిలో కాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద, కలుపుతారు. కాగితం ఏళ్ల తరబడి పసుపుబారకుండా ఉండటానికి అది మంచిదే. మన నీలానికి మాత్రం అది శత్రువు. ‘యాసిడ్ ఫ్రీ’ అని అట్ట మీద రాసి ఉంటే సంతోషపడకండి, ఆ మాట వెనక తరచుగా సుద్దే ఉంటుంది. సుద్ద కలపని కాగితాలు ఈ పనికోసమే చేసేవి ఉన్నాయి. హానెమ్యూలె ప్లాటినం రాగ్, ఆర్చెస్ ప్లాటిన్ అలాంటివి. ఖరీదు ఎక్కువ. వాటితో నేర్చుకోవడం మొదలుపెట్టకండి.

దగ్గరున్న కాగితంలో సుద్ద ఉందో లేదో చూడటానికి ఒక మూల చించి గాఢమైన నిమ్మ ఉప్పు నీళ్లలో వేయండి. బుడగలు సన్నగా లేస్తే ఉన్నట్టే. దాన్ని తీసేయాలంటే సల్ఫమిక్ ఆమ్లం లీటరుకు 100 గ్రాములు కరిగించిన ట్రేలో కాగితాన్ని 15 నుంచి 30 నిమిషాలు, బుడగలు ఆగేదాకా నానబెట్టి, రెండు మూడు నీళ్లలో కడిగి ఆరబెట్టుకోవాలి. ఒకేరోజు పది, పదిహేను కాగితాలు ఇలా చేసి పెట్టుకుంటే నెలంతా వాడుకోవచ్చు. సుద్ద కొద్దిగానే ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదు. పూత మందులోనే 20 శాతం నిమ్మ ఉప్పు ద్రావణం ఒక చుక్క, 3 మి.లీ.కి ఒకటి చొప్పున, కలిపితే సరిపోతుంది.

పూత

పూత వేసే గదిలో పగటి వెలుతురు రాకూడదు. ట్యూబ్‌లైటు ఆపేసి, పసుపు వెలుగునిచ్చే తక్కువ వాట్ల బల్బు ఒకటి వేసుకోండి. డార్క్‌రూమ్‌లాగా చీకట్లో తడుముకునే పని లేదు. పరదాలు వేసిన పడకగది రాత్రిపూట చక్కగా సరిపోతుంది.

గాజు లేదా పింగాణీ గిన్నెలో రెండు మందులూ సమానంగా తీసుకోండి. 8×10 అంగుళాలకు 1.5 మి.లీ. చొప్పున కలిపి 3 మి.లీ. 5×7కు మొత్తం 1.5 మి.లీ. చాలు. కలపగానే లేత పసుపుపచ్చగా ఉండాలి. నీలంగానో ముదురు ఆకుపచ్చగానో కనిపిస్తే సీసాల్లో ఒకటి చెడిపోయింది, లేదా గిన్నె శుభ్రంగా లేదు. కలిపిన మందు ఆ పూటకే.

కుంచె విషయంలో ఒక్కటి గమనించండి. వెంట్రుకలను పట్టి ఉంచే రేకు ఇనుముదైతే మందు దాన్ని తాకి తుప్పు రేపుతుంది, కాగితం మీద నీలి చుక్కలు పడతాయి. వెడల్పాటి జపనీస్ హాకే కుంచెలో రేకు ఉండదు, వెంట్రుకలను దారంతో కుట్టి ఉంటారు. అది దొరక్కపోతే ఫోమ్ బ్రష్ తీసుకోండి. కుంచెను ముందు డిస్టిల్డ్ నీళ్లలో ముంచి బాగా విదిలించండి. పొడి కుంచె మందులో సగం తానే తాగేస్తుంది.

పెన్సిలుతో బొమ్మ హద్దు గీసుకుని, కాగితాన్ని అట్టకు టేపుతో బిగించండి. మందు మధ్యలో పోసి ముందు అడ్డంగా, తరవాత నిలువుగా, మళ్లీ అడ్డంగా తేలికగా లాగండి. ముప్పై నలభై సెకన్లలో అయిపోవాలి. మందు మెరుస్తూ గుంటలుగా నిలబడకూడదు, నిలబడితే కుంచె మొనతో తీసేయండి. మళ్లీ మళ్లీ రుద్దితే కాగితం పైపొర లేచి, కడిగినప్పుడు నూగు నూగుగా కనిపిస్తుంది. మరీ ముదురు నీలం కావాలంటే మొదటి పూత ఆరాక రెండోది వేయండి. మొదట్లోనే దట్టంగా పోయకండి. దట్టమైన పూత కాగితంలోకి ఇంకదు. పైనే పేరుకుని, కడిగేటప్పుడు నీలి మేఘంలా ట్రేలోకి వెళ్లిపోతుంది.

చీకట్లో పావుగంట వదిలి, ఆ తరవాత హెయిర్ డ్రయ్యర్‌ను చల్లగాలి మీద పెట్టి వెనకవైపు నుంచి ఆరబెట్టండి. రాయలసీమ, తెలంగాణ ఎండాకాలంలో ఇది నిమిషాల పని. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమ వల్ల పైకి ఆరినట్టే ఉండి లోపల చెమ్మ మిగిలిపోతుంది. ఆ చెమ్మ ఉన్న కాగితం రాత్రికి రాత్రే తనంతట తానే ఆకుపచ్చ నీలంగా మారిపోతుంది. తరవాత ఎంత కడిగినా తెల్లని చోట్లు తెల్లగా రావు. పూత వేసిన కాగితం అదే రోజు వాడండి. తప్పదంటే గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి మర్నాటికి మించి ఉంచకండి.

నెగెటివ్

ఇది కాంటాక్ట్ ప్రింట్. అంటే అచ్చు ఎంత కావాలో నెగెటివ్ అంత ఉండాలి. పెద్ద కెమెరా నెగెటివ్‌లు ఉన్నవాళ్లు ఎలాగూ తక్కువ కాబట్టి కంప్యూటర్‌లో చేసే నెగెటివ్ సంగతే చూద్దాం. దీని జోలికి వెళ్లేముందు ఒకరోజు ఆకులతో, ఈకలతో, లేసు గుడ్డతో, వాటినే కాగితం మీద పరిచి, ఫొటోగ్రామ్‌లు తీయండి. కాగితం, మందు, నీళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో నెగెటివ్ గొడవ లేకుండా తేలిపోతుంది.

ఫొటోను బ్లాక్ అండ్ వైట్‌గా మార్చి, అచ్చు కొలతకు 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) దగ్గర పెట్టుకోండి. తిరగేయండి, అంటే తెలుపు నలుపు కావాలి. తరవాత కుడిని ఎడమకు తిప్పండి. సిరా ఉన్న వైపే పూతకు ఆనించి పెడతాం, ఇలా తిప్పకపోతే అచ్చులో అక్షరాలు అద్దంలో చూసినట్టు వస్తాయి. సిరా వైపును పైకి పెట్టి ఈ పని తప్పించుకోవచ్చుగా అనిపిస్తుంది. కానీ అప్పుడు ఫిల్ము మందంలోంచి కాంతి పక్కకు పాకి బొమ్మ మసకబారుతుంది.

ముద్రించేది ఇంక్‌జెట్ ప్రింటర్ మీద, ఇంక్‌జెట్ కోసమే చేసిన ట్రాన్స్‌పరెన్సీ ఫిల్ము మీద. దానికి ఒకవైపే సిరా పట్టే పూత ఉంటుంది. తడి చేసిన వేలితో మూల తాకితే జిగటగా అంటుకునేదే ఆ వైపు. ఆ ఫిల్మును జిరాక్స్ షాపులో లేజర్ ప్రింటర్‌లో పెట్టనివ్వకండి. వేడి రోలరుకు కరిగి అతుక్కుంటుంది, మీరు వాళ్ల మిషన్‌కు డబ్బు కట్టాల్సి వస్తుంది. లేజర్‌కు వేరే ఓహెచ్‌పీ షీట్లున్నాయి. వాటి మీద నలుపు పలచగా పడుతుంది, సన్నటి చిల్లులు కనిపిస్తాయి. రేఖాచిత్రాలకు, అక్షరాలకు అలాంటివి రెండు షీట్లు ఒకదానిమీద ఒకటి పెట్టి పని గడుపుకోవచ్చు. ముఖాలకు పనికిరావు.

చవకైన దారి ఇంకోటి ఉంది. పలచటి మామూలు కాగితం మీద నెగెటివ్ ముద్రించి, వెనకవైపు కొబ్బరినూనె రాసి, దూదితో మిగులు తుడిచేయండి. కాగితం పారదర్శకంగా అవుతుంది. కాగితపు నెగెటివ్ పద్ధతిని కనిపెట్టిన టాల్బట్ కాలంలో కాగితపు నెగెటివ్‌లకు మైనం పట్టించింది ఇందుకే. కాంతి తగిలే సమయం రెండు మూడింతలు పెరుగుతుంది, కాగితం పోగులు అచ్చులో కనిపిస్తాయి. కొన్ని బొమ్మలకు ఆ గరుకుదనం అందం తెస్తుంది. నూనె పూతకు అంటకుండా మధ్యలో పలచటి పాలియెస్టర్ షీటు తప్పనిసరి.

ఇక అసలు కష్టం టోన్లది, అంటే ముదురు, లేత ఛాయలది. తెర మీద బాగున్న ఫొటో నీలంలో అలాగే రాదు. అందాజుగా కాంట్రాస్ట్ పెంచి తగ్గించి చూసుకుంటూ పోతే డజను కాగితాలు తగలేస్తారు. దానికి బదులు ఇలా చేయండి. మొదట ఏమీ ముద్రించని ఫిల్ము ముక్కను పూత కాగితం మీద పెట్టి, నల్ల అట్టతో మూస్తూ 3, 6, 12, 24 నిమిషాల పట్టీలు వేయండి. కడిగి, పూర్తిగా ఆరాక చూడండి. ఎన్ని నిమిషాల తరవాత నీలం ఇంకా ముదరడం ఆగిపోయిందో అదే మీ సమయం. ఉదాహరణకు 12, 24 పట్టీల మధ్య తేడా కంటికి కనబడకపోతే 12. ఆ కాగితానికి, ఆ ఫిల్ముకు, ఆ వేళ ఎండకు ఇక ఆ అంకెను కదపకండి.

ఆ తరవాత 0 నుంచి 100 శాతం దాకా 5 శాతం చొప్పున బూడిదరంగు గళ్లున్న పట్టీ ఒకటి చేసి, తిరగేసి, అదే ఫిల్ము మీద ముద్రించి, అదే సమయానికి అచ్చు తీయండి. ఆరిన అచ్చును స్కాన్ చేసి ఏ గడి ఎంత వచ్చిందో చూసుకోండి. 50 శాతం ఉండాల్సిన గడి 70 శాతం ముదురుగా వచ్చిందంటే, ఫొటో సాఫ్ట్‌వేర్‌లో ఛాయలను సరిచేసే కర్వ్‌లో అక్కడ అంత సవరించాలి. ఈ కర్వ్‌ను ఒక పేరుతో దాచుకుని ఇకపై ప్రతి ఫొటోకూ తిరగేయడానికి ముందు వేయండి. కాగితం మార్చినా, ప్రింటర్ సిరా మార్చినా మళ్లీ చేయాలి. విసుగు పనే, కానీ రెండు పూటల విసుగు.

ఎండలో

ఫ్రేముకు 5 మి.మీ. మందం అద్దం, దానంత పొడవు వెడల్పులున్న ప్లైవుడ్ చెక్క, నాలుగైదు గట్టి క్లిప్పులు చాలు. చెక్క మీద పలచటి ఫోమ్ షీటు, దానిమీద పూత కాగితం, దానిమీద నెగెటివ్, పైన అద్దం. మామూలు కిటికీ అద్దం మనకు కావలసిన కిరణాలను చాలావరకు వదులుతుంది. ఖరీదైన పటాలకు వేసే యూవీ రక్షణ అద్దం మాత్రం పనికిరాదు, దాని పనే ఆ కిరణాలను ఆపడం. ఎక్కడైనా అద్దం గట్టిగా అదమకపోతే అచ్చులో అంతమేర బొమ్మ ఊదినట్టు మసకగా ఉంటుంది.

మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్న వేళల్లోనే పని పెట్టుకోండి. ఏప్రిల్, మే మధ్యాహ్నం ఫొటోగ్రామ్‌కు 3 నుంచి 6 నిమిషాలు, ఫిల్ము నెగెటివ్‌కు 8 నుంచి 15 నిమిషాలు మొదలుపెట్టడానికి సరైన అంకెలు. డిసెంబరులో దానికి సగం కలపండి. మబ్బు పట్టిన రోజు అరగంట నుంచి గంట పడుతుంది, రెండు అచ్చులు ఒకలా రావు.

పూత రంగు చూస్తూ ఉండండి. పసుపుపచ్చ ముందు ఆకుపచ్చగా, తరవాత నీలంగా, చివరికి షాడోల్లో, అంటే బాగా ముదురు చోట్ల, లోహం మెరుపులాంటి బూడిదరంగుగా మారుతుంది. ఆ బూడిదరంగు వచ్చేదాకా ఆగాలి. హైలైట్లు, అంటే లేత చోట్లు, మరీ ముదిరిపోయాయే అనిపించాలి. కడిగితే చాలా పోతుంది. తీసేటప్పుడు సరిగ్గా ఉందనిపించిన అచ్చు ఆరాక పేలవంగా ఉంటుంది.

మే ఎండకు ఇంకో చిక్కుంది. అద్దం కింద వేడికి కాగితంలో మిగిలిన చెమ్మ ఆవిరై నెగెటివ్‌కు పడుతుంది, సిరా కరిగి అచ్చుకు అంటుతుంది. నెగెటివ్‌కూ పూతకూ మధ్య 12 నుంచి 20 మైక్రాన్ల పాలియెస్టర్ షీటు పెడితే రెండూ బతుకుతాయి. ఫ్రేమును ముందే ఎండలో వేడెక్కనివ్వకండి.

వానాకాలంలోనూ, ఎప్పుడూ ఒకే ఫలితం కావాలన్నా యూవీ పెట్టె చేసుకోవచ్చు. ఈగలను, పురుగులను పట్టే యంత్రాల్లో వాడే నీలికాంతి యూవీ-ఏ ట్యూబులు ఇందుకు బాగా పనికొస్తాయి. నీళ్ల శుద్ధికి, ఆస్పత్రుల్లో క్రిములను చంపడానికి వాడే యూవీ-సీ ట్యూబులను పొరపాటున కూడా తేకండి, కళ్లు దెబ్బతింటాయి.

నీళ్లు

ఇక్కడే ఎక్కువ అచ్చులు చస్తాయి, కాబట్టి తొందరపడకండి.

మొదటి ట్రేలో లీటరు నీళ్లకు 5 నుంచి 10 గ్రాముల నిమ్మ ఉప్పు వేయండి. కిరాణా కొట్టులో దొరికే తెల్లటి పలుకుల నిమ్మ ఉప్పే ఇది, సిట్రిక్ ఆమ్లం. అచ్చును బొమ్మ కిందకి ఉండేలా ఒక్కసారిగా ముంచి, వెంటనే తిప్పండి. సగం మునిగి సగం ఆగితే ఆ గీత అచ్చులో మిగిలిపోతుంది. రెండు మూడు నిమిషాలు ట్రేను మెల్లగా ఊపండి. పసుపుపచ్చ మందు కరిగి దిగుతుంది, బూడిదరంగు షాడోలు తిరిగి నీలంలోకి వస్తాయి. మొదటి నీళ్లు పుల్లగా ఉంటే హైలైట్లలో సన్నటి టోన్లు కూడా నిలబడతాయి, ఉత్త నీళ్లలో అవి జారిపోతాయి.

రెండో, మూడో ట్రేల్లో ఆర్‌ఓ నీళ్లు, ఒక్కోదాంట్లో నాలుగైదు నిమిషాలు. తెల్లని చోట్లలో పసుపు ఛాయ పూర్తిగా పోయేదాకా నీళ్లు మార్చండి. వెనకవైపు కూడా చూడండి, మందు అక్కడికీ ఇంకి ఉంటుంది. పసుపు మిగిలిపోతే నెలలోపు ఆ చోట్లు లేత నీలంగా తేలతాయి. అలాగని గంటలకొద్దీ కుళాయి కింద పెట్టడమూ తప్పే.

మీ నీళ్ల సంగతి తెలుసుకోవాలంటే పాడైన అచ్చు ఒకదాన్ని రెండు ముక్కలు చేయండి. ఒకటి బోరు నీళ్లలో, ఇంకోటి చిటికెడు నిమ్మ ఉప్పు వేసిన ఆర్‌ఓ నీళ్లలో గంటసేపు వదిలేయండి. పక్కపక్కన పెట్టి చూస్తే ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. బకెట్ అంచుకు తెల్లటి పొర కట్టే ఊళ్లలో తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఆర్‌ఓ నీళ్లు తగినన్ని లేకపోతే బోరు నీళ్లలోనే లీటరుకు రెండు గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి కడగండి, చివరి ఒక్క నీళ్లు ఆర్‌ఓవి అయితే చాలు. ట్రేలను సబ్బుతో, సర్ఫుతో తోమి సరిగ్గా కడగకపోతే ఆ మరకలున్నచోట నీలం చుక్కలుగా తెల్లబడుతుంది. ఇలా క్షారానికి పోయిన నీలం కడుగులో కొట్టుకుపోయాక మళ్లీ రాదు.

ట్రేలోంచి తీసిన అచ్చు లేతగా ఉంటుంది, నిరాశపడకండి. గాలి తగిలి ఒక రోజులో ముదురుతుంది. వెంటనే చూడాలంటే మందుల షాపులో దొరికే 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 10 మి.లీ. లీటరు నీళ్లలో కలిపి అచ్చును పది పదిహేను సెకన్లు ముంచండి. చూస్తుండగానే నీలం చిక్కబడుతుంది. ఇది తొందరకే, మర్నాటి రంగులో తేడా ఉండదు. మళ్లీ ఒకసారి కడిగి, దోమల జాలీ బిగించిన చట్రం మీద బొమ్మ పైకి ఉండేలా నీడన ఆరబెట్టండి.

ఫలితం చూసి కారణం పట్టుకోవడం నేర్చుకోవాలి. తెల్లని చోట్లన్నీ సమంగా నీలిబారి ఉంటే పూత కాగితానికి ముందే వెలుగు సోకింది లేదా చెమ్మ తగిలింది. షాడోలు బాగుండి హైలైట్లు ఖాళీగా ఉంటే నెగెటివ్ కాంట్రాస్ట్ ఎక్కువ, కర్వ్ చూసుకోండి. అంతా సమంగా పాలిపోయి ఉంటే ముందు పట్టీ పరీక్షతో సమయం సరిచూసుకుని, అది సరిగ్గా ఉంటే కాగితంలో సుద్దను, కడుగు నీళ్లను అనుమానించండి. నీలం కడిగేటప్పుడు మేఘంలా లేచిపోతే పూత దట్టం, లేదా తయారీలో కాగితానికి పట్టించిన జిగురు మరీ గట్టిది.

నీలం వద్దనుకుంటే

ముఖచిత్రాలకు నీలం నచ్చనివాళ్లు నల్లగా, గోధుమరంగుగా మార్చుకోవచ్చు. ఇందులో వాడే రసాయనం పెడన, శ్రీకాళహస్తి కలంకారీవాళ్లకు కొత్తేమీ కాదు. వాళ్లు గుడ్డను కరక్కాయ రసంలో నానబెట్టి, తుప్పు పట్టిన ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో గీత గీస్తే అది నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలవడమే ఆ నలుపు. మన అచ్చులో ఇనుము ఇప్పటికే ఉంది, టానిన్ అందిస్తే చాలు.

బాగా ముదురుగా వచ్చి, కనీసం ఒకరోజు ఆరిన అచ్చునే తీసుకోండి, ఎందుకంటే ఈ పనిలో కొంత టోను పోతుంది. 20 గ్రాముల కరక్కాయ పొడిని లీటరు నీళ్లలో పది నిమిషాలు మరిగించి, గుడ్డలో వడకట్టి చల్లార్చండి. ఇంకో ట్రేలో లీటరు నీళ్లకు 5 గ్రాముల వాషింగ్ సోడా. తడిపిన అచ్చును సోడా నీళ్లలో వేస్తే నీలం ఊదాగా, తరవాత లేత పసుపుగా జారిపోతుంది. ఇప్పటిదాకా మనం తప్పించుకు తిరిగిన క్షారమే ఇది, ఇక్కడ మాత్రం పనికొస్తుంది. పూర్తిగా పసుపయ్యేదాకా ఉంచితే చివరికి గోధుమ నలుపు వస్తుంది. ఇరవై సెకన్లలో సగంలో తీసేస్తే నీలి నలుపు మిగులుతుంది. తీసి మంచినీళ్లలో ఐదు నిమిషాలు కడిగి, కరక్కాయ నీళ్లలో పావుగంట నుంచి అరగంట ఉంచండి. సోడా సరిగ్గా కడగకపోతే తెల్లని చోట్లు మురికి గోధుమరంగు పడతాయి. పాలు లేని చిక్కటి టీ డికాక్షన్ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే కాగితాన్నంతా పాత ఉత్తరంలా మరకబరుస్తుంది. కొందరికి అదే ఇష్టం.

గుడ్డ మీద వేయాలంటే గంజి పూర్తిగా ఉతికిన నూలు గుడ్డ తీసుకోండి. మందు కాగితానికి రెండింతలు పడుతుంది. ఆ గుడ్డను తరవాత ఎప్పుడూ సర్ఫుతో ఉతకకూడదు.

అచ్చును పటం కట్టించేటప్పుడు దుకాణదారుకు సుద్ద కలిపిన మౌంట్ బోర్డు వద్దని చెప్పండి. నేరుగా ఎండ పడే గోడకు తగిలిస్తే నీలం నెమ్మదిగా వెలుస్తుంది. ఇలా వెలిసినది క్షారానికి పోయినదానిలా కాదు. దించి కొన్ని వారాలు చీకటి అలమరాలో, గాలి తగిలేలా పెడితే చాలావరకు తిరిగొస్తుంది.